తొమ్మిది మందిని

ఆవిడ పేరు ఏ పుస్తకంలోనూ కనిపించదు. రాసినవాడి పేరు అట్ట మీద ఉంటుంది, అచ్చేసినవాడి పేరు లోపల ఉంటుంది, బొమ్మ గీసినవాడి పేరు వెనక ఉంటుంది. ముందుమాటలో రచయితగారు తన పెంపుడు కుక్కకి కూడా కృతజ్ఞతలు చెప్పుకుంటాడు. ప్రూఫులు దిద్దినావిడ మాత్రం ఎవరికీ గుర్తురాదు. అలా ముప్పై ఒక్క ఏళ్ళు, మూడు వందల పై చిలుకు పుస్తకాలు. ప్రెస్సులో అందరూ ఆవిడని కామాలక్క అంటారు. ఎప్పుడో ఒక కామా కోసం ఒక కవిగారితో వారం రోజులు పోట్లాడింది. చివరికి కవిగారే చేతులెత్తేసి కామా పెట్టుకుని వెళ్ళాడు. అప్పటినుంచి ఆ పేరు ఖాయమైపోయింది.

అక్షరం తప్పుంటే ఆవిడకి అన్నం సయించదు. మందుసీసా మీద, బస్సు టికెట్టు మీద, ఎక్కడ తప్పు కనబడినా సంచిలోంచి పెన్సిలు బయటికొస్తుంది. వాళ్ళ వదిన కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో వార్డు గుమ్మం మీద ఒక బోర్డు ఉండేది: 'రోగులను పరిమార్చు వేళలు, సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు.' పరామర్శించు అని రాయబోయి పెయింటరు చేసిన ఘనకార్యం అది. రోజూ వందమంది ఆ బోర్డు కిందనించే నడుస్తున్నారు, ఒక్కడికీ పట్టలేదు. కామాలక్క నేరుగా పెద్ద డాక్టరు గదిలోకి వెళ్ళి, "ఏమండీ, నాలుగు నుంచి ఆరు దాకానే చంపుతారా? మిగతా టైములో మమ్మల్ని బతకనిస్తారా?" అని అడిగింది. ఆయన బిక్కమొహం వేశాడు. సాయంత్రానికల్లా బోర్డు మారింది. ప్రెస్సులో బైండరు ఈ సంగతి చెప్పుకుని ఇప్పటికీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతాడు.

నవ్వుకోండి, తప్పులేదు. కానీ చంపడం అన్న మాట ఉండకూడని చోట ఉంటే ఊరుకోని మనిషి, ఉండాల్సిన చోట లేకపోతే ఊరుకుంటుందా? అక్కడే వచ్చింది గొడవంతా.

ఆ ప్రెస్సు సంగతి కాస్త చెప్పాలి. కింద మెషీను, వెనక బైండింగు, మేడ మీద రెండు గదులు. ముందు గది సంపాదకుడిది. ఆయన వామపక్ష పత్రిక నడుపుతాడు, పుస్తకాలు వేస్తాడు. ఆ గదిలో ఎప్పుడు చూసినా నలుగురు మేధావులు టీ కప్పులు పట్టుకుని ప్రపంచాన్ని మారుస్తూ ఉంటారు. కప్పులు కడగడానికి మాత్రం ఒక్కడూ లేవడు. వెనక గది కామాలక్కది. ఒక బల్ల, ఒక స్టూలు, ఒక కిటికీ, గోడకి మేకు. మేకుకి సంచి.

ఆవిడకి పని నేర్పింది పాతకాలం ఫోర్‌మన్. సీసం అక్షరాల నాటి మనిషి, వేళ్ళ చివర్లు నల్లగా ఉండేవి. మొదటి రోజే ఒక మాట చెప్పాడు: "అక్షరం మనది, అభిప్రాయం వాళ్ళది. రచయిత పిచ్చి రాతలు రాసినా సరే, పిచ్చిని దిద్దకు, స్పెల్లింగు దిద్దు. అనుమానం వస్తే పక్కన పెన్సిలుతో ప్రశ్న రాయి, అంతే." కామాలక్క ఆ మాట జవదాటలేదు. ఎంతటి చెత్త పుస్తకమైనా తప్పుల్లేని చెత్తగానే బయటికి పంపింది.

ఇరవై రెండేళ్ళ కిందటి మాట. ఊళ్ళో బట్టల మిల్లులో సమ్మె జరిగింది. కామాలక్క అన్న ఆ మిల్లులోనే మగ్గాల దగ్గర పనిచేసేవాడు. నలభై ఒకటో రోజు పొద్దున్న గేటు ముందు పోలీసులు కాల్పులు జరిపారు. తొమ్మిది మంది పోయారు. అన్న ఏడోవాడు, అంటే ఆసుపత్రి గోడకి అంటించిన కాగితంలో ఏడో పేరు. ఆ కాగితంలో కూడా ఇంటిపేరు తప్పు పడింది. ఆవిడ ఆ గోడ దగ్గరే నిలబడి, ఏడుస్తూనే, పెన్సిలు తీసి దాన్ని దిద్దింది.

నెల తిరక్కముందే మాస్టారు దాని మీద వ్యాసం రాశారు. మాస్టారంటే విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్పే ప్రొఫెసరు. అందరూ మాస్టారూ అనే పిలిచేవారు. నలభై అయిదేళ్ళ వయసు, గట్టి గొంతు, ఆయన మాట్లాడుతుంటే వెనక బెంచీవాళ్ళు కూడా లేచి నిలబడేవారు. ఆ వ్యాసాల పుస్తకం ప్రూఫులు కామాలక్క బల్ల మీదకి వచ్చాయి. నూట పన్నెండో పేజీలో ఇలా ఉంది:

'ఆ రోజు ఎనిమిదిన్నరకి సైరన్ మోగలేదు. గేటు ముందు నిలబడ్డవాళ్ళ చేతుల్లో టిఫిన్ డబ్బాలు తప్ప ఏమీ లేవు. వాళ్ళలో తొమ్మిది మంది చనిపోయారు.'

అక్షరాలు సరిగానే ఉన్నాయి. కామా, చుక్క, అన్నీ సరిగానే ఉన్నాయి. ఆవిడకి మాత్రం కళ్ళు అక్కడే ఆగిపోయాయి. చాలాసేపు చూసి, పక్కన ఖాళీలో పెన్సిలుతో ఒక్క మాట రాసింది: 'ఎలా?'

మర్నాడు మాస్టారు స్వయంగా మెట్లెక్కి వచ్చారు. ప్రూఫు చేతిలో ఉంది. ఆవిడ అన్న సంగతి ఆయనకి అప్పుడే ఎవరో చెప్పినట్టున్నారు. స్టూలు మీద కూచుని తలొంచుకుని, "నాకు సిగ్గుగా ఉందమ్మా," అన్నారు. "జబ్బుచేసి పోయినట్టు రాశాను." జేబులోంచి ఎర్ర పెన్ను తీసి 'చనిపోయారు' కొట్టేసి 'చంపారు' అని రాశారు. 'మంది' పక్కన 'ని' చేర్చారు. కింద సంతకం పెట్టారు.

'వాళ్ళలో తొమ్మిది మందిని చంపారు.'

ఆ ఒక్క వాక్యం ఆయన్ని ఊరందరికీ మాస్టార్ని చేసింది. కుర్రాళ్ళు దాన్ని గోడల మీద రాశారు. సభల్లో ఆయన ఆ పేరా చదువుతుంటే చివరి మాట జనమే అందుకునేవారు. ప్రభుత్వం ఆయన్ని పదకొండు నెలలు ఉద్యోగంలోంచి పక్కన పెట్టింది. ఆయన జంకలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ రోజుల్లో ఆయన నిజంగానే మగాడిలా నిలబడ్డాడు, ఇంకా చెప్పాలంటే మా వదినలా నిలబడ్డాడు అంటుంది కామాలక్క.

వదిన సంగతి వేరు. అన్న పోయాక వదినా మరదళ్ళు ఇద్దరే ఒక ఇంట్లో ఉండిపోయారు. వదిన దర్జీ కార్ఖానాలో గుండీలు కుడుతుంది. చదువు రాదు. నేర్పిస్తానని కామాలక్క ఎన్నిసార్లు పలకా బలపం పట్టినా, "నువ్వు దిద్దేవాటిల్లో చదవాల్సింది ఏముందే తల్లీ, అన్నీ తప్పులేగా!" అని ఎగతాళి చేసి తప్పించుకునేది. ఒక్కటి మాత్రం అడిగి నేర్చుకుంది. మాస్టారి పుస్తకం తెచ్చినరోజు, "మీ అన్న సంగతి ఎక్కడుందో చూపించు," అంది. కామాలక్క ఆవిడ వేలు పట్టుకుని నూట పన్నెండో పేజీలో ఆ వాక్యం మీద పెట్టింది. చం, పా, రు. మూడు అక్షరాలు. అప్పుడప్పుడూ పుస్తకం తీసి ఆ మూడింటి మీదా వేలు పెట్టి మళ్ళీ బీరువాలో పెట్టేసేది. ఇరవై రెండేళ్ళకి అక్కడ కాగితం నున్నగా అయిపోయింది.

ఇంక మాస్టారి గురించి. మనిషి ఒక్కరోజులో మారడు. ప్రూఫులు దిద్దేవాళ్ళకి అది అందరికంటే ముందు తెలుస్తుంది. ముందు 'దోపిడీ' పోయి 'అసమానత' వచ్చింది. తర్వాత 'సమ్మె' పోయి 'అశాంతి' వచ్చింది. 'మంత్రి అబద్ధమాడాడు' అన్నది 'మంత్రి ప్రకటనతో కొందరు విభేదించారు' అయింది. ఆ కొందరు ఎవరయ్యా అంటే చెప్పడు. ఒక్కో వ్యాసంలో ఒక్కో మాట జారిపోతూ వచ్చింది. కామాలక్క అన్నీ చూసింది. పళ్ళు కొరుక్కుంది. అక్షరం మనది, అభిప్రాయం వాళ్ళది అనుకుని కామాలు సర్ది పంపేసింది. ఈ విషయంలో తనని తాను ఇప్పటికీ క్షమించుకోలేదు. అప్పుడే పక్కన పెన్సిలుతో ఒక్క 'ఎందుకు?' రాసి ఉంటే ఏం పోయేది?

ఈ ఏడు ఆయనకి ప్రభుత్వ సాంస్కృతిక మండలి అధ్యక్ష పదవి ఖాయమైంది. మంత్రిగారి చేతుల మీదుగా పాత పుస్తకం కొత్త ముద్రణ విడుదల. ముందు గదిలో మేధావులంతా తేనె చుట్టూ ఈగల్లా మూగారు. "లోపలికి వెళ్ళి పోరాడాలి," అన్నాడొకాయన. "అధికారంతో సంభాషణ అవసరం," అన్నాడు ఇంకొకాయన. వీళ్ళే పోయిన ఏడాది మండలిలో చేరిన ఒక నాటకాల రచయితని అమ్ముడుపోయాడని నెలరోజులు తిట్టారు. ఇప్పుడు మండలిలో ఇంకా ఏమేం కుర్చీలు ఖాళీగా ఉన్నాయో వేళ్ళ మీద చెబుతున్నారు. వెనక గదిలోకి ప్రతి మాటా వినిపిస్తుంది. గోడ పల్చన.

కొత్త ముద్రణ ప్రూఫులు వచ్చాయి. మాస్టారి కొత్త ముందుమాట మొదటి పేజీలోనే కామాలక్కకి చెంపదెబ్బ తగిలినట్టయింది. 'మొదటి ముద్రణలో నూట పన్నెండో పేజీలో ఒక అచ్చుతప్పు దొర్లింది. నేను రాసిన మాట చనిపోయారు. అచ్చుతప్పు వల్ల కలిగిన అపార్థాలకు విచారిస్తున్నాను.'

అచ్చుతప్పా! ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. ఒళ్ళంతా మంటెత్తిపోయింది. నూట పన్నెండో పేజీ తీసింది. అక్కడ ఇంకో విడ్డూరం. కంప్యూటర్ దగ్గర కూచున్నవాడు 'చంపారు' తీసి 'చనిపోయారు' పెట్టాడు, అంతే. ముందున్న 'ని'ని ముట్టుకోలేదు. వాక్యం ఇలా తయారైంది:

'వాళ్ళలో తొమ్మిది మందిని చనిపోయారు.'

అంటే ఇప్పుడు తన పని ఏంటి? ఆ 'ని' మీద గీత గీసి తీసెయ్యాలి. తీసేస్తే వాక్యం నున్నగా, ఏ తప్పూ లేకుండా అయిపోతుంది. అన్న జబ్బుచేసి పోయినట్టు అయిపోతుంది. ఆ పని తన చేత్తోనే చెయ్యాలి.

ప్రూఫు పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళింది. సంపాదకుడు ఒక్కడే ఉన్నాడు, ఆహ్వానాల మీద చిరునామాలు రాసుకుంటున్నాడు.

"ఏమండీ, ఇదేం అన్యాయం? ఇది అచ్చుతప్పా?"

"కూచోండి కామాలక్కా. దాన్ని అంత సీరియస్‌గా తీసుకోకండి. వ్యూహాత్మకంగా అలా..."

"ఆ వ్యూహం మీ దగ్గరే పెట్టుకోండి. అచ్చుతప్పంటే ఏంటో తెలుసా మీకు? 'చెట్టు' అనబోయి 'చట్టు' పడితే అచ్చుతప్పు. చనిపోయారు అని రాస్తే చంపారు అని పడుతుందా? సరే, నేనే కళ్ళు మూసుకుని దిద్దాననుకుందాం. మరి ఆ 'ని' ఎక్కడినించి ఊడిపడింది? తొమ్మిది మంది చనిపోయారు అంటాం. తొమ్మిది మందిని చంపారు అంటాం. మాట పొరపాటున మారితే దానికి తగ్గ 'ని' కూడా పొరపాటునే వచ్చి చేరిందా? అచ్చుతప్పుకి వ్యాకరణం తెలుస్తుందా అండీ?"

ఆయన ఆహ్వానాలు దొంతరగా పేర్చాడు. "మిమ్మల్ని ఎవరూ పేరు పెట్టి అనలేదు కదా."

"పేరు పెట్టక్కర్లేదు. ఈ ప్రెస్సులో అచ్చుతప్పు అంటే నేనే. ఆ పాత ప్రూఫు బయటికి తియ్యండి. ఆయన ఎర్ర సిరా ఉంటుంది, సంతకం ఉంటుంది."

"పాత కాగితాలన్నీ పోయిన నెల తూకానికి వేసేశాం," అన్నాడాయన ఆవిడ మొహం చూడకుండా. ఇంతకాలం లేని శుభ్రత సరిగ్గా పోయిన నెలే గుర్తొచ్చింది మహానుభావుడికి!

మధ్యాహ్నం మాస్టారే వచ్చారు. ఇరవై రెండేళ్ళ తర్వాత మళ్ళీ ఆ స్టూలు మీద కూచున్నారు. జుట్టంతా తెల్లబడింది, మెట్లెక్కినందుకు ఆయాసపడుతున్నారు. కామాలక్కకి ఒక్క క్షణం పాత మనిషే కనిపించాడు. మంచినీళ్ళిచ్చింది.

"నీకు కోపం వచ్చిందట."

"రాదా మాస్టారూ?"

"నాకు అరవై ఏడు వచ్చాయమ్మా. నాతో చదువుకున్నవాళ్ళు ఎక్కడెక్కడికో వెళ్ళిపోయారు. నేను ఇంకా చెప్పులరిగేలా సభలకి తిరుగుతున్నాను. ఎంతకాలం గుమ్మం బయటే నిలబడమంటావు? లోపలికి వెళ్తే పది మంచి పనులు చెయ్యొచ్చు. ఒక్క మాట అడ్డం అన్నారు వాళ్ళు. ఒక్క మాటే కదా."

"వెళ్ళండి మాస్టారూ, ఎవరొద్దన్నారు? మీ మాట మీరు మార్చుకోండి. ఆ హక్కు మీకుంది. ముందుమాటలో 'నా అభిప్రాయం మారింది' అని ఒక్క వాక్యం రాయండి. ఎర్ర పెన్నుతో రాశారు, ఎర్ర పెన్నుతోనే కొట్టెయ్యండి. నేను నోరెత్తను, ఒక్క కామా కూడా తప్పిపోకుండా దిద్ది ఇస్తాను. కానీ అచ్చుతప్పు అనకండి. అభిప్రాయం మీది, కాదనను. అక్షరం నాది."

ఆయన కిటికీ వైపు చూశారు. "అభిప్రాయం మారిందంటే ఎందుకు మారిందని అడుగుతారు."

"అడిగితే చెప్పండి."

"నీకు అర్థం కాదమ్మా." గొంతు తగ్గించారు. "మండలిలో ప్రచురణల విభాగం ఉంది. భాషా పరిశీలకురాలని ఒక పోస్టు. నీ పేరు రాయిస్తాను. ఈ ఇరుకు గది, ఈ స్టూలు, ఎన్నాళ్ళని?"

కామాలక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన తన కుర్చీ కోసం మాట అమ్ముకున్నాడు, పోనీ. తనకీ ఒక కుర్చీ వేసి పక్కన కూచోబెట్టుకుంటానంటున్నాడు!

"మా అన్నకి కూడా ఏదన్నా పోస్టుందేమో చూడండి మాస్టారూ. ఎలాగూ చనిపోయారేగానీ ఎవరూ చంపలేదుగా."

"మీ అన్నని తిరిగి తీసుకురాలేం కదమ్మా."

"తిరిగి తెమ్మని ఎవరన్నారు? ఆయన్ని చంపారన్న మాట ఉన్నచోట ఉండనివ్వండి చాలు. మీరు రాసిన మాటే. నేను అడిగింది 'ఎలా' అని మాత్రమే. జవాబు మీరే రాశారు."

మాస్టారు లేచి మెట్లు దిగిపోయారు. గ్లాసులో నీళ్ళు అలాగే ఉన్నాయి.

ఆ ఆదివారం కామాలక్క ప్రూఫులు ఇంటికి తెచ్చుకుంది. నూట పన్నెండో పేజీ ముందు పెట్టుకుని పెన్సిలు చెక్కుతూ కూచుంది. చెక్కడం అయిపోయినా చెక్కుతూనే ఉంది. వదిన గుండీల డబ్బా పట్టుకుని వచ్చి పక్కన కూలబడింది. కాగితం చివర అంకెలు చూసి పోల్చుకుంది. ఆ మూడు అంకెలు కూడా ఆవిడకి తెలుసు.

"కొత్త పుస్తకంలోదా?" అంటూ చివరి వాక్యం మీద వేలు పెట్టింది. వేలు ఆగింది. మళ్ళీ మొదటినుంచి జరిపింది. "ఇదేంటే, ఎక్కువున్నాయి?"

కామాలక్క కాగితం మీద పడ్డ పెన్సిలు పొట్టు దులిపింది.

"మూడుండాలి కదా. ఒకటి, రెండు, మూడు, నాలుగు... ఐదున్నాయి. రెండక్షరాలు ఎందుకు పెరిగాయి?"

"మాస్టారు మార్చారు వదినా. చనిపోయారు అని పెట్టారు."

వదిన డబ్బా కింద పెట్టింది. "మీ అన్నకి జబ్బేం లేదే. ఆ పొద్దున్న నేనే టిఫిన్ డబ్బా కట్టిచ్చాను." కాగితం దగ్గరికి లాక్కుంది. "మరి మొదట చంపారని ఎందుకు రాశాట్ట?"

"అది అచ్చుతప్పట. అంటే నా తప్పట."

ఇంట్లో ఎప్పుడూ గొంతు పెంచని మనిషి వదిన. ఆ రోజు వీధిలోకి వినబడేలా అరిచింది. "నీ తప్పా? వాళ్ళు కాల్చారు, నా మొగుడు పోయాడు, ఈయన రాసుకుని పెద్దమనిషయ్యాడు, ఇప్పుడు తప్పు నీదా? ఇరవై రెండేళ్ళు నేను వేలు పెట్టి చూసుకుంది నీ అచ్చుతప్పునా? సిగ్గులేని సచ్చినోడు! ఇంతకీ నువ్వేం చేస్తున్నావు, దాన్ని దిద్దుతున్నావా?"

"రచయిత రాసింది దిద్దకూడదు వదినా."

"అయితే దిద్దకు. ఏదీ దిద్దకు. చెయ్యి తీసెయ్ దాని మీదనించి."

కామాలక్క పెన్సిలు వంక చూసింది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క తప్పు కూడా కావాలని వదిలిపెట్టలేదు. 'ని' పక్కన, ఖాళీలో, పాత పద్ధతిలోనే ఒక్క మాట రాసింది: 'ఎవరు?' అంతే. ఇంకేమీ ముట్టుకోలేదు. ప్రతి పేజీ కింద 'చూశాను' అని పెట్టే పొడి సంతకం ఆ పేజీ కింద పెట్టలేదు.

సోమవారం ప్రూఫులూ పెన్సిలూ తీసుకెళ్ళి సంపాదకుడి బల్ల మీద పెట్టింది. "నూట పన్నెండో పేజీలో 'ని' తియ్యాలి. ఆ తీసే చెయ్యి నాది కాదు. ఇంకెవర్నన్నా చూసుకోండి. రేపట్నించి నేను రాను."

"ఏ 'ని' అండీ?" అన్నాడాయన అయోమయంగా.

చెప్పింది కదా, చెప్పాల్సినంత చెప్పింది. మేకుకున్న సంచి తీసుకుని దిగిపోయింది. కింద బైండరు జిగురు చేతులతోనే అడ్డమొచ్చి, "అక్కా, నువ్వు లేకపోతే ఈ ప్రెస్సు కళ్ళు పోయినట్టేనే," అన్నాడు. కళ్ళు ఉండి వీళ్ళేం చూశారు కనక అనుకుంది ఆవిడ.

సంపాదకుడు ఆ ప్రూఫులు తన బావమరిదికిచ్చాడు. కాలేజీలో పాఠాలు చెప్పేవాడు, పేరు వెనక బారెడు డిగ్రీలు. పెన్సిలుతో రాసిన 'ఎవరు?' చూసి, పాతావిడ చాదస్తం అని రబ్బరుతో తుడిచేశాడు. మిగతాది చదివాడో లేదో ఆయనకే తెలియాలి.

మూడు వారాల తర్వాత శనివారం పదకొండు గంటలకి విడుదల సభ. కామాలక్క వెళ్ళకూడదనే అనుకుంది. వదినే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది. "రా. మొహం చూద్దాం." హాలు నిండిపోయింది. ముందు వరసల్లో మేధావులంతా ఇస్త్రీ బట్టల్లో మెరిసిపోతున్నారు. వేదిక మీద మంత్రిగారు, పక్కన మాస్టారు, వాళ్ళకి పూలగుత్తులు. గుమ్మం దగ్గర పుస్తకాల కట్ట విప్పుతున్న బైండరు, ఒక పుస్తకం తీసి ఎవరూ చూడకుండా కామాలక్క చేతిలో పెట్టాడు. ఆవిడ వెనక వరసలో కూచుని సరాసరి నూట పన్నెండో పేజీ తీసింది.

'వాళ్ళలో తొమ్మిది మందిని చనిపోయారు.'

'ని' అక్కడే ఉంది. ఇంతమంది చదువుకున్నవాళ్ళు, ఇన్ని డిగ్రీలు, ఒక్కడి కంటికీ ఆనలేదు. నెలరోజుల్లో మొదటిసారి కామాలక్కకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. వదిన "ఏంటే?" అంటే చెవిలో చెప్పింది.

మాస్టారు మాట్లాడారు. గొంతు ఇంకా గట్టిగానే ఉంది. సంభాషణ అన్నారు, సామరస్యం అన్నారు. చివర్లో, "నా కలం ఎప్పుడూ చదువురాని సామాన్యుల కోసమే," అన్నారు. చప్పట్లు.

ఆ చప్పట్లు ఇంకా తగ్గకముందే వదిన లేచి నిలబడింది. కామాలక్క చెయ్యి పట్టుకుని లాగబోతే విదిలించుకుంది.

"అయ్యా, నేను చదువు రానిదాన్ని," అంది గట్టిగా. "మీ పుస్తకం చదువుకోలేను. ఆ మిల్లు గేటు ముందు జరిగింది మీరే చదివి వినిపించండి. నా మొగుడు ఆ తొమ్మిది మందిలో ఒకడు."

హాలంతా వెనక్కి తిరిగి చూసింది. మంత్రిగారికి సంగతి తెలియదు పాపం, చిరునవ్వు నవ్వి, "చదవండి మాస్టారూ, పెద్దావిడ అడుగుతున్నారు," అన్నారు.

ఇంక తప్పేదేముంది? మాస్టారు పేజీ తీశారు. గొంతు సవరించుకున్నారు. ఎన్ని వందల సార్లు చదివిన పేరా! మొదటి వాక్యానికే గొంతు పాత శ్రుతిలో పడిపోయింది. సైరన్ మోగలేదన్నారు. టిఫిన్ డబ్బాలు అన్నారు.

"వాళ్ళలో తొమ్మిది మందిని..."

అక్కడ ఆగారు. కళ్ళ ముందు ఒక మాట ఉంది, నాలుక చివర ఇంకో మాట ఉంది. ఆ 'ని' దాటి కళ్ళ ముందున్న మాటలోకి వెళ్ళడానికి దారి లేదు. "తొమ్మిది మంది..." అన్నారు. మళ్ళీ పుస్తకంలోకి చూసి, "మందిని..." అన్నారు. మైకులో ఆయన ఊపిరి వినబడుతోంది. ముందు వరసలో సంపాదకుడు గబగబా పుస్తకం తిప్పుతున్నాడు. ఆయన బావమరిది తేలు కుట్టిన దొంగలా తలొంచుకున్నాడు.

వదిన కూచోలేదు. గుండీలు కుట్టి కుట్టి సూది గుచ్చుకున్న చెయ్యి పైకెత్తి మూడు వేళ్ళు చూపించింది.

"మూడక్షరాలే బాబూ," అంది. "చదువు రానిదాన్ని, నాకే వచ్చు."